పీతలకి కంచె కట్టాం, పిల్లలకి ఎప్పుడు కడదాం?

మన ఊళ్ళో రొయ్యల చెరువులు చేస్తున్న అన్నయ్యలకి, బాబాయిలకి, మావయ్యలకి, చెరువులు లీజుకిచ్చేసి భీమవరంలోనో హైదరాబాద్‌లోనో ఉంటున్న ఆసాములకి, పంచాయతీ పెద్దలకి నమస్కారమండి.

నేనెవరో మీలో చాలామందికి తెలుసు, తెలియనివాళ్ళకి చెప్పాలంటే రామాలయం వెనక సందులో ఉంటాం, మా ఆయన రెండు చెరువులు లీజుకి చేస్తున్నాడు, నేను రొయ్యల ప్లాంటులో క్వాలిటీ సెక్షన్లో చేస్తాను, ఇద్దరు పిల్లలు, పెద్దదానికి ఏడేళ్ళు చిన్నోడికి నాలుగు. ఊరి పేరు మాత్రం రాయట్లేదు, రాస్తే మనూరొక్కదాని గొడవనుకుంటారు, కాదు కదా, అటు ఆకివీడు, కాళ్ళ దగ్గర్నుంచి ఇటు మొగల్తూరు, నర్సాపురం దాకా, గోదారి దాటితే అల్లవరం కాట్రేనికోన వైపు కూడా, పెరటి గోడ దూకితే చెరువు గట్టే ఉన్న ఊళ్ళు బోలెడు.

ముందే విషయం చెప్పేస్తాను, తర్వాత తీరిగ్గా దెబ్బలాడుకుందాం. ఇళ్ళకి, బడికి, రోడ్డుకి ఆనుకుని ఉన్న గట్ల వైపు నాలుగడుగుల ఎత్తున వల కట్టించండి, దానికి గడియ ఉన్న ఒక తలుపు పెట్టించండి. రొయ్య మేత తింటోందో లేదో చూడ్డానికి నీళ్ళలో దించే చెక్ ట్రే ఉంటుంది కదా, అది చూసే చెక్కకి ఒడ్డు దగ్గర అడ్డం పెట్టండి. ప్లాస్టిక్ షీటు పరిచిన చెరువులకి లోపలికి తాళ్ళు వేలాడదీయండి. పంచాయతీ వాళ్ళేమో ఎండలు తగ్గేదాకా మధ్యాహ్నం పూట పిల్లలు కూర్చోడానికి ఒక హాలు తెరిచి పెట్టించండి. అంతే. చెరువులు మూసేయమని అడగట్లేదు, మూసేస్తే మేమేం తినాలి.

ఇప్పుడు ఎందుకో చెప్తాను. మీ ఇంట్లో ఎండాకాలం ఎలా గడుస్తుందో నాకు తెలీదుగానీ మా ఇంట్లో ఇలా గడుస్తుంది. మా ఆయన రాత్రంతా చెరువు దగ్గరే. మీకు చెప్పక్కర్లేదు, పగలంతా నీళ్ళలో పచ్చదనం ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రయితే అదే పచ్చదనం, రొయ్యా, అడుగున బురదా అన్నీ కలిసి ఆక్సిజన్ తాగేస్తాయి, తెల్లవారుజామున మరీ అడుగంటిపోతుంది, ఆ టైములో నీళ్ళు చిలికి గాలి ఎక్కించే ఏరియేటర్లు ఆగాయంటే తెల్లారేసరికి పంట తేలిపోతుంది. అందుకని కరెంటు పోతే జెనరేటర్ వెయ్యడానికి మనిషి మెలకువగా ఉండాల్సిందే. ఆయన ఇంటికి చేరేసరికి నాకు ప్లాంటు వ్యాను వచ్చేస్తుంది, సందు మలుపులో ఒకళ్ళకొకళ్ళం ఎదురుపడతాం, ఆయన చేతిలో పాలప్యాకెట్, నా చేతిలో క్యారేజీ, "చిన్నోడికి రాత్రి కాస్త ఒళ్ళు వెచ్చగా ఉంది చూడండి" "మేత లారీ వస్తే సంతకం ఎవరు పెడతారు" ఇంతే మా కాపురం, ఫిబ్రవరి నించి పట్టుబడి అయ్యేదాకా, అంటే రొయ్య పట్టి అమ్మేదాకా.

పిల్లలు అత్తయ్య దగ్గర. అత్తయ్యకి అరవై దాటాయి, మోకాళ్ళు నొప్పులు, పీట మీద కూచుంటే లేవడానికి గోడ పట్టుకోవాలి, అయినా పాపం పొద్దున్నుంచి ఆవిడ పరుగులు ఆవిడవి. మే నెలంటే ఊరగాయల నెల, కాయ తుడిచి ముక్క కొట్టించాలి, ఆవపిండి ఆరబెట్టాలి, మేడ మీద వడియాలు పెడితే కాకులు, కిందకొస్తే పిల్లలు. పొద్దున్న చద్దన్నంలో పెరుగు, మామిడిపండు పిసికి పెడితే పదింటిదాకా ఆడతారు, పదకొండింటికి ముంజలబ్బాయి వస్తాడు, కాయ చెక్కుతుంటే వాడి చుట్టూ చేరి ముంజ లోపల నీళ్ళు చొక్కాల మీద కార్చుకుంటారు, ఆ మరకలు ఎన్నిసార్లు ఉతికినా పోవు, అది వేరే గొడవ. చిన్నోడి అంగన్వాడీ ఒంటిపూటే, పన్నెండింటికల్లా ఇంటికి తోలేస్తారు, పెద్దదాని బడి ఏప్రిల్ చివర్లో మూసేస్తే మళ్ళీ తెరిచేది జూన్ 12కే. అన్నాలు తిని ఒంటిగంట.

అసలు కష్టం ఇప్పుడు మొదలవుతుంది. మధ్యాహ్నం రెండు నుంచి అయిదు.

ఆ మూడు గంటలు మన ఊళ్ళో పెద్దవాళ్ళు మెలకువగా ఉండరు. తప్పు పట్టట్లేదండి, నిజంగా. రాత్రంతా చెరువు కాసినోడు నిద్రపోడా? నాలుగింటికి లేచి వంట చేసి ఊరగాయ కలిపిన ముసలావిడ నడుం వాల్చదా? రొయ్యలు ఒలిచే పీలింగ్ షెడ్డులకి వెళ్ళే ఆడవాళ్ళయితే ఊళ్ళోనే ఉండరు, తెల్లారకముందే వ్యాను ఎక్కేస్తారు. పైగా మన ఎండ సంగతి మీకు తెలుసు, రెంటచింతలలోలాగా నిప్పులు కురవదు, మనది ఉక్క, సముద్రం దగ్గర కదా, ఒంటికి పట్టిన చెమట ఆరదు, ఫ్యాను కింద కూడా జిడ్డుగానే ఉంటుంది, మనిషిని నిద్రలోకి లాగేస్తుంది. ఊరంతా పడుకుంటుంది. మెలకువగా ఉండేది పిల్లలూ, ఏరియేటర్లూ.

పిల్లలు పడుకోరు. ఎందుకో ఆ వయసుకి ఎండ లెక్కే ఉండదు. ఫోన్లో ఛార్జింగ్ ఉన్నంతసేపు బొమ్మలు చూస్తారు, మామ్మ గురక మొదలవగానే చిన్నోడు పీట లాక్కుని తలుపు గడియ తీస్తాడు, ఈ పని వాడు శబ్దం కాకుండా ఎంత నీటుగా చేస్తాడంటే చూస్తే మనకే ముచ్చటేస్తుంది. పక్కింటి ఇద్దరు, ఎదురింటి ఒకడు, సెలవులకి హైదరాబాద్ నుంచి వచ్చిన మా ఆడబడుచు పిల్లలు, అందరూ కలిసి ఎక్కడికి వెళ్తారంటారు? చెట్టు నీడ ఎక్కడుంటే అక్కడికి. కొబ్బరిచెట్ల నీడ ఇప్పుడు మన ఊళ్ళో ఎక్కడ మిగిలింది, చెరువు గట్ల మీదే.

ఆడబడుచు చిన్నకూతురు మొదటిరోజే అడిగింది, "అత్తా, ఇది స్విమ్మింగ్ పూలా, టికెట్ ఎంత?" అని. అందరం నవ్వాం. రాత్రికి నాకు నిద్ర పట్టలా. మన పిల్లలకి కనీసం చెరువంటే కొంచెం భయం ఉంది, ఆ అపార్ట్‌మెంట్ పిల్లలకి అదీ లేదు, నురగలు కక్కుతూ తిరుగుతున్న ఏరియేటర్ వాళ్ళ కళ్ళకి వాటర్ పార్కులా కనపడుతుంది.

మీరు చెరువు రైతులు కాబట్టి చెరువు సంగతే మాట్లాడతాను. మీరు పొద్దున్నే ఆ తెల్లటి బిళ్ళ తాడుకి కట్టి నీళ్ళలో దించి రంగు చూస్తారు కదా. ముప్ఫై నలభై సెంటీమీటర్ల దగ్గర బిళ్ళ కనపడకుండా పోతే రంగు బాగుంది అని సంతోషిస్తారు, అంటే మూరెడు లోతు కిందకి ఏమున్నా పైకి కనపడకూడదు. రొయ్యకి అది మంచిదే. మరి మూడడుగుల పిల్లాడు నాలుగైదు అడుగుల నీళ్ళలోకి జారితే గట్టు మీద నిలబడ్డవాడికి ఏం కనపడుతుంది? ఏం కనపడదు. అరుస్తాడు కదా అంటారు, అరవడండి. నీళ్ళలో మునిగేవాళ్ళు సినిమాల్లోలాగా చేతులూపి కేకలెయ్యరు, నోరు నీళ్ళ మట్టానికి ఉన్నప్పుడు ఊపిరి పీల్చుకోడానికే టైముండదు, అరుపు ఎక్కడ్నుంచి వస్తుంది. ఒకవేళ అరిచినా పక్కన నాలుగు ఏరియేటర్లు ఆడుతుంటే మోటారు షెడ్డులో మంచం మీదున్న కుర్రాడికి వినపడదు.

చెక్ ట్రే చెక్క సంగతి. ఒడ్డు నుంచి నీళ్ళలోకి రెండు తాటిదుంగలు వేసి, పైన పలకలు కొట్టి, చివర ట్రే దించుతారు. పిల్లలకి లోకంలో దానికి మించిన వింత లేదు. నేను స్వయంగా చూశా, మొన్న ప్లాంటులో మెటీరియల్ లేక తొందరగా వదిలేస్తే నడిచొస్తున్నా, ఎవరి చెరువో చెప్పను, మా పెద్దది ఆ చెక్క చివర బోర్లా పడుకుని ఉంది, తాడు రెండు చేతులతో పైకి లాగుతోంది, ట్రేలో రొయ్యలు టపటపా ఎగురుతున్నాయి, వెనక ముగ్గురు పిల్లలు దాని కాళ్ళు పట్టుకున్నారు, అంటే వాళ్ళ లెక్కలో జాగ్రత్త తీసుకున్నారన్నమాట. చిన్నోడు మాత్రం కాళ్ళ దగ్గర లేడు. చెక్క పక్కన తడి మట్టిలో చతికిలబడి ఒక పీతని పుల్లతో పొడుస్తున్నాడు. నేను అరవలేదు, అరిస్తే ఉలిక్కిపడి జారుతారని. మెల్లగా వెళ్ళి ముందు వాణ్ణి ఎత్తుకున్నా, తర్వాత దాన్ని పిలిచా. అది వెనక్కి తిరిగి "అమ్మా, ముప్ఫై కౌంట్ వచ్చేసిందే" అంది, అంటే కిలోకి ముప్ఫై రొయ్యలు తూగేంత సైజన్నమాట. రైతు కూతురు మరి, ఆయ్.

ఆ పీత ఎక్కడుందో చెప్తే నవ్వుతారు, కంచెకి ఇవతల. మోకాలెత్తు నీలం వల, చెరువు చుట్టూ ఎక్కడా సందు లేకుండా, అడుగున మట్టిలో పాతి, కర్రకి కర్రకి మధ్య బిగించి కట్టారు. పీత దాటలేకపోయింది. మా చిన్నోడు కాలెత్తి దాటేశాడు.

అప్పట్నుంచి నాకు అదే బుర్రలో తిరుగుతోంది. 2009లో మన దేశంలో ఇప్పుడు మనం పెంచే వెనామీ రకం రొయ్యకి పర్మిషన్ ఇచ్చినప్పుడే నిబంధనల్లో రాశారు, చెరువుకి కంచె ఉండాలి, పక్షులు వాలకుండా ఏర్పాటు ఉండాలి, ఒక చెరువు సామాను ఇంకో చెరువులో ముంచకూడదు అని. ఎందుకంటే పీత కాలికి అంటుకుని వైట్‌స్పాట్ జబ్బు రావచ్చు, కాకి ముక్కున కరుచుకెళ్ళిన జబ్బు రొయ్య పక్క చెరువులో పడొచ్చు. కరెక్టే. అందరం కట్టాం. పైన చూస్తే బెత్తెడుకొక దారం, కింద చూస్తే నీలం వల, గట్టు ఎక్కే చోట కాళ్ళు కడుక్కోడానికి మందు నీళ్ళ తొట్టి. ఇంత చేసినవాళ్ళం పిల్లల కోసం మాత్రం ఏమీ కట్టలేదు. ఎవరూ రాయలేదు కాబట్టి, అడగలేదు కాబట్టి. అందుకే నేను అడుగుతున్నా.

ఆ మాటకొస్తే మంచినీళ్ళ చెరువుకి పంచాయతీ వాళ్ళు కట్టించిన కంచె చూడండి, ఎంత బాగుందో. ఎండాకాలం కాలవలు కట్టేసే ముందు, అంటే కాలవలకి నీళ్ళు ఆపేసే ముందు, నింపుకున్న నీళ్ళు కదా, అవి అయిపోతే ఊరికి గుక్కెడు నీళ్ళుండవు, గేదెలు దిగకూడదని కట్టారు. మంచి పని. గేదెలు దిగలా.

ఇది మన ఊరి భయం మాత్రమే అనుకోకండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2021లో ప్రపంచం మొత్తంలో నీళ్ళలో మునిగి చనిపోయినవాళ్ళు దాదాపు 3 లక్షల మంది, అందులో పావువంతు దాకా అయిదేళ్ళ లోపు పిల్లలే. దానికి ఏం చెయ్యాలో కూడా వాళ్ళే చెప్పారు, అదేం రాకెట్ సైన్స్ కాదు, నీటికీ పిల్లలకీ మధ్య అడ్డు పెట్టండి, బడికెళ్ళని చిన్నపిల్లల్ని పెద్దవాళ్ళ పని టైములో ఒకచోట కూచోబెట్టి ఒక మనిషి కనిపెట్టుకుని ఉండండి, కాస్త పెద్ద పిల్లలకి ఈత నేర్పండి, ఊళ్ళోవాళ్ళకి బయటికి తీయడం, ఊపిరి ఇవ్వడం నేర్పండి అని. బంగ్లాదేశ్‌లో మనలాగే ఇల్లు దిగితే నీళ్ళు, అక్కడ పల్లెల్లో పొద్దున పూట, అమ్మలు పనిలో ఉండే గంటల్లోనే పిల్లల్ని చూసుకునే చోట్లు పెట్టారు. మనకి ఆ గంటలు మధ్యాహ్నం. తేడా అంతే.

ఇప్పుడు మీరేమంటారో నాకు తెలుసు, ఎందుకంటే సగం మాటలు మా ఇంట్లో మా ఆయనే అన్నాడు.

"పిల్లల్ని కన్నవాళ్ళు చూసుకోవాలి, చెరువోడు చూసుకోవాలా?" అన్నాడు. చూసుకుంటున్నాం బాబూ, మీ రొయ్యలు శుభ్రం చేసే షెడ్డులో నిలబడి మరీ చూసుకుంటున్నాం. ఊళ్ళో ఆడవాళ్ళు ఇళ్ళల్లోంచి బయటికెళ్ళింది రొయ్యల వల్లే, మగవాళ్ళు పగలు పడుకునేది రొయ్యల వల్లే, ఇళ్ళ పక్కకి నీళ్ళు వచ్చింది కూడా రొయ్యల వల్లే, ఇదివరకు అక్కడ వరిచేలు, చేలో పడ్డ పిల్లాడికి మోకాలి లోతు బురద అంటుకునేది అంతే. అందుకని ఇది ఇంటి పనీ, చెరువు పనీ రెండూను.

"లీజు చెరువు, ఖర్చు ఆసామిది కదా" అన్నాడు తర్వాత. ఈ మాట దగ్గరే ఊళ్ళో ప్రతి పనీ ఆగిపోతుంది. ఆసామి లీజు డబ్బులు తీసుకుని వెళ్ళిపోతాడు, లీజుదారు వచ్చే ఏడాది ఉంటానో లేదో అంటాడు, మధ్యలో గట్టు ఎవరిదీ కాదు. కాబట్టి ఆసాములకి నా మనవి, వచ్చే లీజు కాగితంలో ఒక్క వాక్యం రాయించండి, ఇళ్ళ వైపు కంచె ఆసామి కట్టించాలి, ఊడిపోతే లీజుదారు బాగుచేయించాలి అని. మోటారెవరిది, జెనరేటరెవరిది, పూడిక తీసిన మట్టి ఎవరిది అని అణా పైసలతో రాసుకుంటున్నాం కదా, ఇదీ రాసుకుందాం.

"మేత బండి తిరగడానికి అడ్డం" అన్నారొకరు. చెరువు చుట్టూ కట్టమని నేననలేదు, ఇళ్ళ వైపు, రోడ్డు వైపు మాత్రమే, బండి వచ్చే చోట తలుపు. తలుపుకి గడియ పైన పెట్టండి, పిల్లలకి అందకుండా, మా చిన్నోడి పీట సంగతి చెప్పాను కదా. వెదురు కర్రలు దగ్గరగా, వల అడుగు మట్టిలోకి. అడ్డంగా కర్రలు మాత్రం కట్టొద్దు, అవి పిల్లలకి మెట్లవుతాయి, నిలువు కర్రలే. పట్టుబడికి పనికిరాని పాత వలలు ప్రతి షెడ్డులో గుట్టలుగా ఉన్నాయి, కొనాల్సింది కర్రలూ, మనుషుల కూలీ. మా రెండు చెరువులకీ ఇళ్ళ వైపు కట్టించాం, ఒకటి పెద్ద గట్టు ఒకటి చిన్న గట్టు, రెండిటికీ కలిపి నాలుగు బస్తాల మేత ఖరీదు కూడా అవలేదు. మా ఆయనే లెక్కేశాడు, లెక్కేశాక ఇక మాట్లాడలేదు.

"ఇన్నేళ్ళలో ఏం కాలేదుగా." దీనికి నా దగ్గర జవాబు లేదు, అయ్యాక రాసే ఉత్తరం నాకు రాయాలని లేదు.

నల్ల షీటు పరిచిన చెరువులున్నవాళ్ళకి ప్రత్యేకంగా చెప్తున్నాను, అవి మట్టి చెరువుల కంటే ఘోరం. షీటు మీద పాచి పడితే గచ్చు మీద సబ్బునీళ్ళే, పెద్దవాళ్ళు, ఈత వచ్చినవాళ్ళు కూడా ఒడ్డుకొచ్చి పైకి ఎక్కలేరు, పట్టుకోడానికి ఏమీ ఉండదు, జారి మళ్ళీ నీళ్ళలోకే. అర్ధరాత్రి నిద్రమత్తులో ఏరియేటర్ చూడ్డానికి దిగే మీ పనికుర్రాడికి కూడా అదే ప్రమాదం. నాలుగు మూలలా గట్టు మీద గట్టి మేకు దించి, ముడులేసిన లావుపాటి తాడు నీళ్ళ దాకా వదలండి, లేదా పాత పట్టుబడి వల నిచ్చెనలా పరవండి. పక్కనే ఒక పొడుగు వెదురు, తాడు కట్టిన ఖాళీ డబ్బా ఒకటి. పొడుగు కర్ర ఎందుకంటే ఈత రాకుండా దూకి కాపాడబోయినవాళ్ళు కూడా మునుగుతారు, కర్ర అందించాలి, తాడు విసరాలి. కరెంటు వైర్లు గట్టు మీద అతుకులతో పడున్నవి కూడా ఎత్తు కట్టించండి, ఈ ముక్క మీద ఇంకో ఉత్తరం రాయొచ్చు, ఇప్పటికి వదిలేస్తున్నా.

పంచాయతీ పెద్దలకి. మన కమ్యూనిటీ హాలు పెళ్ళిళ్ళ సీజన్ అయిపోతే తాళమే. మూఢం రోజుల్లో అయితే అసలు ఎవరూ అడగరు. ఆ హాల్లో రెండు ఫ్యాన్లు పనిచేస్తాయి, బయట వేపచెట్టు ఉంది, కుళాయి ఉంది. మధ్యాహ్నం రెండు నుంచి అయిదు దాకా తెరిచి, ఊళ్ళో ఇంటర్ అయిపోయి ఖాళీగా ఉన్న ఆడపిల్లలు ఇద్దరికి ఏదో కాస్త ఇచ్చి కూచోబెడితే చాలు. కేరమ్స్, వామనగుంటలు, అష్టాచెమ్మా, రంగు పెన్సిళ్ళు. సమ్మర్ క్యాంపు అని బ్యానర్ కట్టొద్దు, ఇంగ్లీషు మాట్లాడించొద్దు, ఒక్క పద్యం కూడా బట్టీ పట్టించొద్దు, మా పిల్లలు ఏమీ నేర్చుకోకపోయినా పర్లేదు, అయిదింటికి ఇంటికొస్తే చాలు. పేర్లు రాసుకునే పుస్తకం ఒకటి పెట్టండి, వచ్చినప్పుడు ఒక టిక్కు, వెళ్ళినప్పుడు ఒక టిక్కు, మేం ప్లాంటులో ప్రతి ట్రేకి చేస్తాం ఆ పని. ఖర్చు పంచాయతీ పెట్టలేనంటే చెరువు రైతులం ఎకరానికింత అని వేసుకుందాం, గుడి పండక్కి వేసుకోవట్లేదా.

ఒక్కటి మాత్రం హాల్లో పెట్టించాలి, కడవతో చల్లటి మంచినీళ్ళు, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు. ప్యాకెట్ లేకపోతే లీటరు నీళ్ళకి ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, చెంచా అంటే టీ చెంచానే, తలకొట్టి పోయాలి కుప్ప కాదు. పిల్లలు దాహం అని చెప్పరు, ఆటలో పడి మర్చిపోతారు, నాలుక ఎండి ఒంటికి వెళ్ళడం తగ్గాక మనకి తెలుస్తుంది. కిళ్ళీకొట్టులో అట్టడబ్బాల్లో తియ్యటి జ్యూసు ఓఆర్‌ఎస్ పేరుతో అమ్మేవాళ్ళు చూడండి, అది ఓఆర్‌ఎస్ కాదు, 2025 అక్టోబర్లో ఆహార పదార్థాల నాణ్యత చూసే కేంద్ర సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ వాళ్ళు అలాంటి డ్రింకుల మీద ఆ పేరే వాడొద్దన్నారు, హైదరాబాద్‌లో ఒక పిల్లల డాక్టరమ్మ ఏళ్ళ తరబడి పోరాడితే.

ఇక ఈత. మా నాన్నవాళ్ళ తరం వాళ్ళకి ఈత ఎవరూ నేర్పలేదు, అరటిబోదె పట్టుకుని కాలవలో దిగారు, లేదా పీచుతో ఉన్న కొబ్బరికాయలు రెండు జతకట్టి చంకల కింద పెట్టుకున్నారు, వారంలో చేపపిల్లలయ్యారు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయిన దగ్గర్నుంచి ఈ డెల్టా బతుకంతా కాలవల్లోనే కదా, నీళ్ళంటే తెలియని మనిషి ఉండేవాడు కాదు. ఇప్పుడు చుట్టూ అంతకు రెట్టింపు నీళ్ళున్నాయి, ఈత వచ్చిన పదేళ్ళ పిల్ల మన సందులో ఒక్కతి లేదు. సెలవులు వచ్చేసరికి కాలవలు కట్టేస్తారు, మిగిలిన మడుగుల్లో గుర్రపుడెక్క, చెరువుల నుంచి వదిలిన మురుగు, అందులో దింపమని నేను చెప్పను. కానీ పంట తీసేసి కడిగి ఆరబెట్టిన చెరువు ఎవరిదో ఒకటి ఉంటుంది ఏడాదిలో ఏదో ఒక నెలలో, సీడ్, అంటే రొయ్యపిల్లలు, వెయ్యడానికి ముందు రెండడుగుల నీళ్ళు పెట్టి వారం రోజులు పిల్లలకి ఇవ్వగలరా, చుట్టూ ఈతొచ్చిన పెద్దవాళ్ళు నిలబడి? బ్లీచింగ్ వెయ్యకముందు సుమండీ. ఇది నా ఆశ, మొదట చెప్పిన జాబితాలో లేదు, ఎవరైనా ముందుకొస్తే మా ఆయన, మా తమ్ముడు వచ్చి నిలబడతారు.

ఇంకోటి, ఇది అందరూ గుర్తుపెట్టుకోవాలి. నీళ్ళలోంచి తీసిన పిల్లల్ని తలకిందులుగా పట్టుకుని గిరగిరా తిప్పడం, పొట్ట నొక్కి నీళ్ళు కక్కించడం మన ఊళ్ళల్లో పెద్దలు చేస్తారు, ప్రేమతోనే చేస్తారు, కానీ అది వద్దు. ఆ టైము వృథా, కక్కింది ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం. వెల్లకిలా పడుకోబెట్టి, గడ్డం కాస్త పైకెత్తి, ఊపిరి లేకపోతే ముక్కు మూసి నోట్లో నోరు పెట్టి ఊపిరి ఊదాలి, తర్వాత ఛాతీ మధ్యలో గట్టిగా నొక్కాలి, ముప్ఫై నొక్కులకి రెండు ఊపిరులు, 108 వచ్చేదాకా ఆపకూడదు. ఒకళ్ళు ఇది చేస్తుంటే ఇంకొకళ్ళు ఫోన్ చెయ్యాలి. మెదడుకి నాలుగైదు నిమిషాలు ఆక్సిజన్ అందకపోతే దెబ్బతినడం మొదలవుతుంది, డీఓ, అంటే నీళ్ళలో కరిగిన ఆక్సిజన్, నాలుగు కిందకి పడితే మనం రొయ్యకి అంత టైము కూడా ఇవ్వం, జెనరేటర్ దగ్గరికి చెప్పులు లేకుండా పరిగెడతాం. మన పీహెచ్‌సీ డాక్టరుగార్ని అడిగితే ఒక సాయంత్రం వచ్చి బొమ్మ మీద చూపిస్తారేమో, పంచాయతీ తరఫున ఒక ఉత్తరం పెట్టండి, మేం మనుషుల్ని పోగేస్తాం, చెరువుల మీద పనిచేసే కుర్రాళ్ళు తప్పకుండా రావాలి, నీళ్ళకి అందరికంటే దగ్గర ఉండేది వాళ్ళే.

ఎవర్నీ వేలెత్తి చూపడానికి రాయలేదండి ఇది. మీ చెరువు పంట బాగుండాలి, కౌంట్ బాగా రావాలి, రేటు పడిపోకూడదు, మా ఇంట్లో పాలప్యాకెట్ దగ్గర్నుంచి స్కూలు ఫీజు దాకా ఆ రేటు మీదే ఉంది.

మా చెరువులకి కట్టగా మిగిలిన పాత వల రెండు చుట్టలు, వెదురు కర్రలు ఓ మోపు మా మోటారు షెడ్డులో ఉన్నాయి. ముందు బడి వెనక చెరువుకి కావాలి, ఆ చెరువు చేసే బాబాయ్ ఎవరో ఆయనకే తెలుసు. షెడ్డు తాళం మా అత్తయ్య దగ్గర ఉంటుంది, వచ్చి పట్టుకెళ్ళండి. రెండు నుంచి అయిదు మధ్యలో మాత్రం తలుపు కొట్టకండి, ఆవిడ పడుకుంటుంది, పిల్లలు గడియ తీస్తారు.

ఇట్లు
రామాలయం వెనక సందులోని మీ ఆడపడుచు